లేచిపోయిందా, లేపుకెళ్లాడా? కిడ్నాప్ చుట్టూ అల్లుకున్న మాటలు

ఒక ఊరు అనుకోండి. పొద్దున్నే లేచేసరికి ఒక ఇంట్లో అమ్మాయి కనబడలేదు. ఇంటర్ సెకండియర్. ఆ వీధి చివర సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడి కొట్టు కూడా తెరవలేదు. ఏడు గంటలకల్లా టీ బంకు దగ్గర తీర్పు వచ్చేసింది: ‘లేచిపోయింది’. ఇంట్లో తల్లి ఏడుస్తూ అంటున్న మాట వేరు: ‘నా బిడ్డను ఎత్తుకెళ్లాడు’. తండ్రి స్టేషన్‌కు పోతే, ఫిర్యాదులు రాసుకునే రైటర్ మొదట అడిగేది అమ్మాయి వయసు. ఆ జవాబును బట్టి కాగితం మీద ‘మిస్సింగ్’ అనో ‘కిడ్నాప్’ అనో పడుతుంది. మర్నాడు జిల్లా పేజీలో సింగిల్ కాలమ్ వార్త: ‘బాలిక అపహరణ’.

జరిగింది ఒక్కటే, మాటలు ఐదు. నేను కొన్నేళ్లు ఒక పత్రిక జిల్లా డెస్కులో పనిచేశాను. రాత్రి తొమ్మిది దాటాక వచ్చే ఇలాంటి వార్తల్లో ఈ ఐదింట్లో మూడైనా కలగాపులగంగా ఉండేవి. హెడ్డింగ్‌లో ఏది పెట్టాలో, దాచడమెందుకు, కాలమ్ వెడల్పే తేల్చేది. ‘కిడ్నాప్’ పొట్టి మాట కాబట్టి తరచూ అదే గెలిచేది. తర్వాత కోర్టు తీర్పులు చదవడం అలవాటయ్యాక తెలిసింది, ఈ మాటల మధ్య ఏడేళ్ల జైలంత దూరం ఉందని.

## ఆహారంలోనూ అపహరణలోనూ ఒకటే ధాతువు

సంస్కృతంలో ‘హృ’ అంటే తీసుకుపోవడం. దాని నుంచి హరణం వచ్చింది. ముందు ‘అప’ చేరితే అపహరణం, అంటే ఉన్నచోటి నుంచి దూరంగా పట్టుకుపోవడం. వ్యాకరణం చదివినవాళ్లకు ఈ పాత శ్లోకం గుర్తుండే ఉంటుంది:

ఉపసర్గేణ ధాత్వర్థో బలాదన్యత్ర నీయతే
ప్రహారాహారసంహారవిహారపరిహారవత్

ఉపసర్గ వచ్చి చేరిందంటే ధాతువు అర్థాన్ని బలవంతంగా వేరే చోటికి తీసుకుపోతుందట. దెబ్బ అనే ప్రహారం, తినే ఆహారం, చంపే సంహారం, తిరిగే విహారం, ఇచ్చే పరిహారం, అన్నిట్లో ఉన్నది ఆ ‘హృ’నే. ఆ మాటకొస్తే ‘ఉదాహరణ’లోనూ అదే. ‘బలవంతంగా వేరే చోటికి తీసుకుపోవడం’ అన్న ముక్క గుర్తుపెట్టుకోండి. మన శిక్షాస్మృతి అబ్డక్షన్‌కు ఇచ్చిన నిర్వచనంలో సగం అదే. వ్యాకరణవేత్తలు తమకు తెలియకుండానే ఒక కేసు రాసిపెట్టారు, బాధితుడు ధాత్వర్థం.

తెలుగులో అపహరణకు మనిషి, వస్తువు అన్న తేడా లేదు. ‘బైక్ అపహరణ’, ‘పుస్తెలతాడు అపహరణ’, ‘పసికందు అపహరణ’ ఒకే పేజీలో పక్కపక్కనే అచ్చవుతాయి. చట్టంలో మొదటి రెండూ చోరీ కిందికి వస్తాయి, మూడోది రాదు. చోరీ అన్నది చరాస్తికే, అంటే కదిలించగల వస్తువుకే వర్తిస్తుంది.

ఇదే హరణం ఇంకో దారిన మన ఇళ్లలోకీ వచ్చింది. అత్తవారింటికి పోయే కూతురికి పుట్టింటివాళ్లు పెట్టే సొమ్మును పాత తెలుగులో ‘అరణం’ అంటారు. హరణానికి అది తద్భవం. భారతం ఆదిపర్వంలో అర్జునుడు సుభద్రను రథం మీద తీసుకుపోయిన ఘట్టం సుభద్రాహరణం. ఆ వెంటనే యాదవులు కానుకలు మోసుకుంటూ ఇంద్రప్రస్థానికి వచ్చే భాగం పేరు హరణాహరణం. ఎత్తుకుపోయిందీ హరణమే, తర్వాత తెచ్చిపెట్టిందీ హరణమే.

రావణుడు సీతను తీసుకుపోయినదాన్ని సీతాపహరణం అంటాం. కృష్ణుడు రుక్మిణిని తీసుకుపోయినదాన్ని మాత్రం తెలుగువాళ్లం రుక్మిణీ కల్యాణం అంటాం. కథలో రెండుచోట్లా రథం ఉంది, అయినవాళ్లు వెంటపడటం ఉంది, కొట్లాట ఉంది. రుక్మి దృష్టిలో చెల్లెలిని శత్రువు ఎత్తుకుపోయాడు. కానీ పోతన రుక్మిణి పంపిన సందేశంలో ఏముందో చూడండి. రాక్షస వివాహంలో, నీ శౌర్యమే ఉంకువగా, అంటే కన్యాశుల్కంగా చెల్లించి, ‘చేకొనిపొమ్ము వచ్చెదన్’ అంటుంది. తీసుకుపొమ్మన్నదీ ఆమే, వస్తానన్నదీ ఆమే. ధర్మశాస్త్రం చెప్పిన రాక్షస వివాహంలో అమ్మాయి ఏడుస్తూ ఉండగా బలవంతంగా పట్టుకుపోతారు. రుక్మిణి ఆ పేరును వాడుకుంది, లోపల తన ఇష్టాన్ని పెట్టింది. ఆ ఒక్క ‘వచ్చెదన్’ వల్లే కథ పేరు అపహరణం కాకుండా కల్యాణమైంది.

## లేచు, లేపు: తెలుగు క్రియలు దాచుకున్న తేడా

సంస్కృతం పక్కనపెట్టి మనం నోటితో వాడే మాటలకు వద్దాం. ఎత్తుకెళ్లడం, లాక్కెళ్లడం, లేపుకెళ్లడం, లేవదీసుకుపోవడం, లేచిపోవడం. పైకి చూస్తే అన్నీ ఒకటే అనిపిస్తాయి.

‘ఎత్తుకెళ్లడం’లో ఎవర్ని ఎత్తుకెళ్తారో వాళ్లకు బరువు తప్ప ఇంకేమీ లేదు. బిందెనూ ఎత్తుకెళ్తారు, కోడినీ ఎత్తుకెళ్తారు, పసిపిల్లనూ ఎత్తుకెళ్తారు. ‘అన్నం తినకపోతే బూచోడు ఎత్తుకుపోతాడు’ అని మనల్ని భయపెట్టినప్పుడు మన ఇష్టంతో పనిలేదు. పెద్దవాళ్ల విషయంలో ఈ మాట వాడితే ఆ మనిషిని వస్తువును చేసినట్టే, అందుకే ‘మఫ్టీలో వచ్చి ఎత్తుకెళ్లారు’ అన్న వాక్యంలో అంత కోపం ఉంటుంది. ‘లాక్కెళ్లడం’లో పెనుగులాట వినబడుతుంది. అక్కడ ఎదుటి మనిషి కాళ్లు నేలకు తన్నిపెట్టి ఆపుతున్నాడు.

అసలు చిక్కు మిగతా జంట దగ్గర. లేచు అన్నది తనంతట తాను చేసే పని. లేపు అంటే ఇంకొకరి చేత చేయించేది. ‘లేచిపోయింది’ అంటే కర్త ఆమె. ‘లేపుకెళ్లాడు’ అంటే కర్త అతను, ఆమె కర్మ. ఒకే రాత్రి, ఒకే బస్సు, ఇద్దరు ప్రయాణికులు. అయినా ఏ క్రియ ఎంచుకుంటారో దాన్నిబట్టి ఆ ఇంటి గౌరవం, ఆ కుర్రాడి బెయిలు మారిపోతాయి. ఊళ్లో ‘లేచిపోయింది’ తిట్టు కింద వాడటం, అదీ ఎక్కువగా ఆడవాళ్ల గురించే అనడం నాకు ఎప్పుడూ నచ్చదు. కానీ అమ్మాయికి సొంతంగా కాళ్లున్నాయని ఒప్పుకునే మాట అదొక్కటే కావడం తమాషా.

‘చెర’ వేరే జాతి మాట. అపహరణ తీసుకుపోయిన క్షణాన్ని చెబుతుంది, చెర ఆ తర్వాతి రోజుల్ని చెబుతుంది. 2000లో వీరప్పన్ కన్నడ నటుడు రాజ్‌కుమార్‌ను గాజనూరు నుంచి తీసుకుపోయింది ఒక్క రాత్రి పని. చెర మాత్రం 108 రోజులు. చట్టంలోనూ ఈ రెండిటికీ వేరువేరు సెక్షన్లు ఉన్నాయి. మనిషిని కదలకుండా ఒకచోట ఉంచడం అక్రమ నిర్బంధం. ఎవర్నీ ఎక్కడికీ తీసుకుపోకుండా, అతని సొంత ఇంట్లోనే గది తలుపు బయట నుంచి గడియ పెట్టినా అది నిర్బంధమే. అందులో అపహరణ లేదు. విమానాన్నో బస్సునో మనుషులతో సహా దారి మళ్లిస్తే హైజాక్. 1999 డిసెంబరులో కాఠ్మాండూ నుంచి బయల్దేరిన ఐసీ 814 విమానం కాందహార్ చేరినప్పుడు ఆ మాట మన పల్లెల దాకా వచ్చింది. ఇప్పుడు ‘మా పథకాన్ని హైజాక్ చేశారు’ అనేదాకా పాకింది.

## ఇంగ్లీషులో రెండు మాటలు, చట్టంలో రెండు నేరాలు

కిడ్నాప్ 17వ శతాబ్దపు మాట. కిడ్ అంటే పిల్లాడు, నాప్ అంటే లాక్కోవడం. ఇంగ్లండులో పిల్లల్ని, దిక్కులేనివాళ్లను పట్టుకుని అమెరికా వలస తోటల్లో కూలికి ఓడలెక్కించే ముఠాల వల్ల పుట్టింది. అబ్డక్షన్ లాటిన్ సరుకు. ‘అబ్’ అంటే దూరంగా, ‘డూకెరె’ అంటే నడిపించుకుపోవడం. మన అప, హరణం కలిసినట్టే కలిసింది. భుజం నొప్పికి ఫిజియోథెరపీకి వెళ్లినవాళ్లు చీటీ మీద ‘షోల్డర్ అబ్డక్షన్, పదిసార్లు’ అని చూసి ఉలిక్కిపడనక్కర్లేదు. చేతిని ఒంటికి దూరంగా పక్కకు ఎత్తడమే అది.

మాట్లాడేటప్పుడు ఎవరూ ఈ రెండిటినీ వేరు చేయరు. మన చట్టం చేస్తుంది. పాత శిక్షాస్మృతి ఐపీసీలో 359 నుంచి 369 దాకా ఉన్న సెక్షన్లు 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహితలోకి మారాయి. ఇప్పుడు కిడ్నాపింగ్ 137, అబ్డక్షన్ 138. హిందీ ప్రతిలో మొదటిదానికి ‘వ్యపహరణ్’, రెండోదానికి ‘అపహరణ్’ అని రెండు పేర్లు పెట్టుకున్నారు. తెలుగు వార్తల్లో రెండూ ‘అపహరణ’లోనే మునిగిపోతాయి. అందుకే ఇక్కడ ఇంగ్లీషు పేర్లతోనే పోదాం.

కిడ్నాపింగ్ రెండు రకాలు. మొదటిది, మనిషిని అతని సమ్మతి లేకుండా దేశం దాటించడం. దీనికి వయసుతో పనిలేదు. రెండోది మనం రోజూ వినేది: 18 ఏళ్లు నిండని పిల్లల్ని, లేదా మతిస్థిమితం లేనివాళ్లను, చట్టబద్ధ సంరక్షకుల సమ్మతి లేకుండా వాళ్ల దగ్గర్నుంచి తీసుకుపోవడం, లేదా ఆశపెట్టి రప్పించుకోవడం. పోలీసు ప్రెస్‌నోట్లలో ప్రతిసారీ కనబడే ‘మాయమాటలు చెప్పి తీసుకెళ్లాడు’ అన్న పదబంధం ఈ రెండో ముక్క కోసమే పుట్టింది. సంరక్షకులంటే తల్లిదండ్రులే కానక్కర్లేదు, పిల్లల్ని చట్టబద్ధంగా ఎవరికి అప్పగిస్తే వాళ్లు.

ఈ నేరంలో పిల్లల ఇష్టానికి విలువ లేదు. పోయింది సంరక్షకుల హక్కు, కాబట్టి అడగాల్సింది వాళ్లనే. ఉద్దేశం మంచిదా చెడ్డదా అన్నదీ ముఖ్యం కాదు. తీసుకుపోయిన క్షణానికి నేరం పూర్తవుతుంది, ఏడేళ్ల దాకా జైలు.

అబ్డక్షన్ లెక్క తిరగబడి ఉంటుంది. ఏ వయసు మనిషినైనా బలవంతంతో గాని మోసంతో గాని ఉన్నచోటి నుంచి కదిలేలా చేయడం. ఇక్కడ చూసేది ఆ మనిషి ఇష్టాన్నే. చాలామందికి తెలియని సంగతి, వట్టి అబ్డక్షన్‌కు శిక్షే లేదు. 138 నిర్వచనం చెప్పి ఊరుకుంటుంది. చంపడానికా, డబ్బు గుంజడానికా, రహస్యంగా బంధించడానికా, బలవంతపు పెళ్లికా అన్న ఉద్దేశం తోడైతేనే పక్క సెక్షన్లు పలుకుతాయి. పెళ్లికి సంబంధించిన 87వ సెక్షన్ ఆడవాళ్లకే వర్తిస్తుంది. బీహార్‌లో పెళ్లికొడుకుల్నే పట్టుకుపోయి బలవంతంగా పెళ్లి చేసే ‘పకడ్వా వివాహ్’ వ్యవహారంలో మగవాడికి ఆ సెక్షన్ దొరకదు, మిగతావి వెతుక్కోవాలి.

## వయసు మార్చి చూస్తే ఒకే కథ ఎన్ని కేసులవుతుంది

మొదట చెప్పిన అమ్మాయి దగ్గరికి తిరిగి వద్దాం.

ఆమెకు 19 అనుకోండి. ఇక సంరక్షకుల ప్రశ్న లేదు, కాబట్టి 137 పడదు. ఇష్టంతో పోయింది, బలవంతం లేదు, మోసం లేదు, కాబట్టి 138 కూడా లేదు. తల్లిదండ్రుల బాధ నిజమే, నేరం మాత్రం లేదు. మేజర్లు ఇష్టపడి చేసుకున్న పెళ్లిళ్ల జోలికి పోవద్దని సుప్రీంకోర్టు 2006లో లతా సింగ్ కేసులో గట్టిగానే చెప్పింది. స్టేషన్లో ఆ అమ్మాయి ‘నా ఇష్టంతోనే వెళ్లాను’ అని చెప్పాక ఫైలు మూతపడేది అందుకే.

ఆమెకు 19, కానీ కుర్రాడు వచ్చి ‘మీ నాన్నకు యాక్సిడెంట్ అయింది, బండెక్కు’ అని అబద్ధం చెప్పి తీసుకుపోయి గుళ్లో బలవంతంగా తాళి కట్టబోయాడు అనుకోండి. ఆమె తనకై తానే బండెక్కింది. అయినా అది మోసంతో కదిలించడం, అబ్డక్షన్. పెళ్లి ఉద్దేశం ఉంది కాబట్టి పదేళ్ల దాకా శిక్ష పడే 87.

ఆమెకు 15. కుర్రాడు నెలల తరబడి ఫోన్లో నూరిపోశాడు, బట్టలు కొనిస్తానన్నాడు, సినిమాల్లో పెట్టిస్తానన్నాడు. ఆ రాత్రి ఆమే గేటు తీసుకుని బయటికొచ్చింది. ‘నేనెక్కడ తీసుకెళ్లాను, తనే వచ్చింది’ అనే వాదన నిలవదు. ముందునుంచీ పోసిన ఆశ కూడా లెక్కకొస్తుంది.

ఇక ఆమెకు 17 ఏళ్ల 10 నెలలు. ఇక్కడే లేచు, లేపు మధ్య ఉన్న సన్నగీత కోర్టు దాకా వెళ్లింది. మద్రాసులో కాలేజీ చదివే ఒక అమ్మాయికి 18 నిండటానికి కొద్దికాలమే ఉంది. పక్కింటి అబ్బాయితో మాటలు ఆపించడానికి తండ్రి ఆమెను బంధువుల ఇంట్లో పెట్టాడు. ఆమే ఆ అబ్బాయికి ఫోన్ చేసి, ఫలానా రోడ్డులో కలవమని చెప్పి, అతని కారెక్కి, రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లింది. కింది కోర్టులు అతనికి శిక్ష వేశాయి. వరదరాజన్ కేసుగా పేరుపడ్డ ఈ వ్యవహారంలో 1964లో సుప్రీంకోర్టు అతన్ని వదిలేసింది. మైనరును ‘తీసుకుపోవడం’ వేరు, తనంతట తాను వస్తున్న మైనరును ‘వెంట రానివ్వడం’ వేరు అంది. ఏం చేస్తున్నదో తెలిసిన వయసులో ఆమే నిర్ణయించుకుని ఇల్లు విడిచింది, అతను ఆ నిర్ణయంలో భాగం పంచుకున్నాడన్న రుజువు లేదు.

ఆ తీర్పు చదివినప్పుడు నాకనిపించింది, జడ్జిగారు పేజీలకు పేజీలు పట్టి చెప్పినదాన్ని తెలుగు ఒక్క అక్షరం తేడాతో చెప్పేసిందని. అయితే తీర్పును మరీ సాగదీయకూడదు. 1972లో హర్యానా నుంచి వచ్చిన ఒక కేసులో అదే సుప్రీంకోర్టు, మైనరులో ఆ ఇష్టాన్ని పుట్టించింది నిందితుడి నచ్చజెప్పుడే అయితే అది తీసుకుపోవడమేనని తేల్చింది. వరదరాజన్ నాటికి పిల్లల మీద లైంగిక నేరాలను శిక్షించే పోక్సో చట్టం కూడా లేదు. 2012 తర్వాత, కిడ్నాప్ ఆరోపణ వీగిపోయినా, 18 నిండని అమ్మాయితో శారీరక సంబంధం ఉంటే ఆమె సమ్మతి ఉందన్న మాట చెల్లదు. ఈ రెండు చట్టాలూ కలిసి టీనేజీ ప్రేమల్ని నేరం చేస్తున్నాయని కొందరు న్యాయవాదులు, పిల్లల హక్కుల కార్యకర్తలు అంటారు. వయసు గీతను కిందికి జరిపితే మనుషుల్ని అమ్ముకునే ట్రాఫికర్లకు దారి ఇచ్చినట్టేనని మరికొందరు అంటారు. నేను చూసిన కేసుల్లో రెండు వాదనలకూ సరిపడా ఉదాహరణలు ఉన్నాయి.

అబ్బాయి మాటేమిటి? 17 ఏళ్ల అబ్బాయిని ఎవరో 2024 జూన్‌లో ఇంట్లో చెప్పకుండా బెంగళూరు తీసుకుపోయి పనిలో పెట్టారు. అబ్బాయి ఇష్టపడే వెళ్లాడు. పాత చట్టంలో మగపిల్లలకు గీత 16 దగ్గర ఉండేది, ఆడపిల్లలకే 18. కాబట్టి అది కిడ్నాపింగ్ కాదు. అదే పని జులైలో చేస్తే అవుతుంది, కొత్త చట్టం అందరికీ 18 అంది.

## రెండు లక్షలు అడిగినా చాలదన్న కేసు

డబ్బు కోసం కిడ్నాప్ అనగానే ఉరి, యావజ్జీవం గుర్తొస్తాయి. ఆ సెక్షన్, పాత 364ఏ, 1993లో చేర్చిందే. ఇప్పుడది 140(2). హైదరాబాద్‌లో ఒక ఆటో డ్రైవర్ స్కూలు పిల్లాడిని తీసుకుపోయి తండ్రికి ఫోన్ చేసి 2 లక్షలు అడిగాడు. పోలీసులు పట్టుకున్నారు, కింది కోర్టు యావజ్జీవం వేసింది, హైకోర్టు ఖాయం చేసింది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ శిక్షను కొట్టేసింది. తీసుకుపోవడం ఒకటి, చంపుతామనో గాయపరుస్తామనో బెదిరించడం, లేదా ఆ భయం కలిగేలా నడుచుకోవడం రెండు, డబ్బు కోసం ఒత్తిడి పెట్టడం మూడు. ఈ మూడూ రుజువు కావాలి. ఇక్కడ పిల్లాడే తనను బాగా చూసుకున్నాడని సాక్ష్యం చెప్పాడు. రెండోది రుజువు కాలేదు. యావజ్జీవం పోయి మామూలు కిడ్నాపింగ్ కింద ఏడేళ్లు మిగిలింది. వార్తల్లో మాత్రం మొదటిరోజు నుంచి చివరిరోజు దాకా ఒకటే మాట, కిడ్నాప్.

## ‘మిస్సింగ్’ ఎప్పుడు కిడ్నాప్ అవుతుంది

పెద్దవాళ్లు కనబడకపోతే మన స్టేషన్లలో ‘మ్యాన్ మిస్సింగ్’, ‘ఉమన్ మిస్సింగ్’ అని రాసుకుంటారు. పిల్లల సంగతి 2013 మేలో మారింది. పిల్లల హక్కుల సంస్థ బచ్‌పన్ బచావో ఆందోళన్ వేసిన కేసులో సుప్రీంకోర్టు, పిల్లలు కనబడటం లేదని ఫిర్యాదు వస్తే కిడ్నాపో ట్రాఫికింగో జరిగిందన్న అనుమానంతోనే ఎఫ్ఐఆర్ కట్టాలంది. నాలుగు నెలల్లో దొరక్కపోతే మానవ అక్రమ రవాణా నిరోధక విభాగానికి పంపాలంది. కాబట్టి పరీక్ష తప్పానని భయపడి అమ్మమ్మ ఊరు పోయిన పిల్లాడి మీద కూడా కాగితం మీద ‘కిడ్నాప్’ పడుతుంది. సాయంత్రానికి దొరికితే మంచిదే.

ఈ సంగతి తెలియకుండా అంకెలు చదివితే గుండె ఆగుతుంది. జాతీయ నేర గణాంకాల ప్రకారం 2022లో దేశంలో నమోదైన కిడ్నాపింగ్, అబ్డక్షన్ కేసులు లక్షా ఏడు వేలకు పైనే. అలిగిపోయిన పిల్లలు, ప్రేమ పెళ్లిళ్లు, అసలైన ముఠాలు, అన్నీ ఒకే సంచిలో ఉన్నాయి. అలాగని అంకె ఉబ్బిపోయిందని కొట్టిపారేయడమూ తప్పే. ముందే అనుమానించి వెతకడం వల్ల కొందరు పిల్లలు రైలు దాటిపోకముందే దొరుకుతారు.

## సొంత బిడ్డను తీసుకొస్తే

భార్యాభర్తలు విడిగా ఉంటున్నారు. తండ్రి స్కూలు దగ్గరికి వెళ్లి కొడుకును తన ఇంటికి తీసుకొచ్చాడు. తల్లి తరఫువాళ్లు కిడ్నాప్ అంటారు. మన చట్టంలో తండ్రి కూడా సహజ సంరక్షకుడే, కాబట్టి కోర్టు ఉత్తర్వు ఏదీ అడ్డు లేకపోతే సాధారణంగా కిడ్నాపింగ్ నిలవదు. కస్టడీ గొడవగా ఫ్యామిలీ కోర్టుకు పోతుంది.

అమెరికాలో ఉన్న తెలుగు కుటుంబాల్లో ఇదే కథ ఇంకో రంగు పూసుకుంటుంది. తల్లి పాపను తీసుకుని సెలవులకని హైదరాబాద్ వచ్చి తిరిగి వెళ్లలేదు. పుట్టింట్లో అందరికీ అది ‘కూతురు ఇంటికొచ్చింది’. 1993 నాటి అమెరికా చట్టం ప్రకారం అవతలి తల్లి లేదా తండ్రి హక్కును అడ్డుకునే ఉద్దేశంతో బిడ్డను దేశం దాటించడం, బయటే ఉంచేయడం ఫెడరల్ నేరం, దాని పేరులోనే కిడ్నాపింగ్ ఉంది. అలాంటి పిల్లల్ని వెనక్కి పంపించే 1980 నాటి హేగ్ ఒప్పందంలో భారత్ చేరలేదు. చేరాలనేవాళ్లు పిల్లలు ఒక దేశం నుంచి ఇంకో దేశానికి బంతుల్లా మారకూడదంటారు. వద్దనేవాళ్లు గృహహింస తప్పించుకుని వచ్చిన ఆడవాళ్లకు ఆ ఒప్పందం ఉరితాడవుతుందంటారు. ఈలోగా మన కోర్టులు కేసు కేసుకూ బిడ్డ బాగోగులు చూసి తేలుస్తున్నాయి.

## ఎవరు చెబుతున్నారన్నదాన్ని బట్టి మారే పేరు

1987 డిసెంబరులో తూర్పు గోదావరి ఏజెన్సీలోని గుర్తేడు దగ్గర పీపుల్స్‌వార్ నక్సలైట్లు ఎస్.ఆర్. శంకరన్ సహా పలువురు ఐఏఎస్ అధికారుల్ని పట్టుకున్నారు. ఎన్టీఆర్ ప్రభుత్వం జైల్లో ఉన్న కొందరు నక్సలైట్లను వదిలాక అధికారులు బయటికి వచ్చారు. 2011 ఫిబ్రవరిలో ఒడిశాలోని మల్కన్‌గిరి కలెక్టర్, తెలుగువాడైన వినీల్ కృష్ణను మావోయిస్టులు పట్టుకున్నప్పుడు ప్రొఫెసర్ హరగోపాల్ మధ్యవర్తుల్లో ఒకరు. పత్రికలు రెండుసార్లూ కిడ్నాప్ అనే రాశాయి. పనిలో ఉన్న మాట ‘బందీ’. ఇక్కడ మనిషి తాకట్టు వస్తువు లాంటివాడు, అడిగేది ఇంట్లోవాళ్లను కాదు, ప్రభుత్వాన్ని. గుర్తేడు నాటికి ఆ రకం కిడ్నాప్‌కు ప్రత్యేక సెక్షనే లేదు.

అటునుంచి చూడండి. పోలీసులు మఫ్టీలో వచ్చి ఒకర్ని జీపెక్కించుకుపోతే పౌరహక్కుల సంఘాలు ‘ఎత్తుకెళ్లారు’ అంటాయి, పోలీసులు ‘అదుపులోకి తీసుకున్నాం’ అంటారు. చట్టానికి తెలిసిన మాట అరెస్టు. అరెస్టయితే ప్రయాణ సమయం పోను 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలని రాజ్యాంగం 22వ అధికరణం అంటుంది. ‘అదుపు’కు అలాంటి గడియారం లేదు, అందుకే ఆ మాట అంత వాడుకలో ఉంది. ఇంట్లోవాళ్లు హైకోర్టుకు వెళ్లి వేసే హెబియస్ కార్పస్ పిటిషన్ అడిగేది మాట గురించి కాదు, మనిషిని తెచ్చి చూపించమని.

రాజకీయాల్లో ఇది వినోదంగా మారుతుంది. 1984 ఆగస్టులో ఎన్టీఆర్‌ను గద్దె దించినప్పుడు ఆయన వైపు ఎమ్మెల్యేలను కర్ణాటకకు తరలించి ఉంచారు. అప్పటి నుంచి సర్పంచ్, ఎంపీపీ ఎన్నికల దాకా ‘క్యాంపు’ మన రాజకీయ నిఘంటువులో స్థిరపడింది. మనవాళ్లను మనం రిసార్టులో పెడితే క్యాంపు, అవతలివాళ్లు పెడితే కిడ్నాప్.

నవ్వుకోలేనిది 2018 మే. పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందని వాట్సాప్‌లో మెసేజ్‌లు, వీడియోలు తిరిగి, తెలంగాణ, ఆంధ్రా ఊళ్లలో కొత్తగా కనబడ్డవాళ్లందరి మీదా అనుమానం పడింది. మతిస్థిమితం లేనివాళ్లు, భిక్షగాళ్లు దెబ్బలు తిన్నారు, ప్రాణాలు పోయాయి. జోగులాంబ గద్వాల జిల్లాలో అప్పటి ఎస్పీ రెమా రాజేశ్వరి పోలీసుల్ని డప్పులతో, పాటలతో ఊళ్లకు పంపి వదంతిని ఆపే ప్రయత్నం చేశారు. ‘ఎత్తుకుపోతున్నారు’ అన్న వాక్యంలో ఎవరు, ఎవర్ని, ఎక్కడ అన్న మూడు జవాబులూ ఖాళీగానే ఉన్నా జనం పరిగెత్తారు.

## చివరికి అంతా టెన్త్ మెమో మీద

స్టేషన్లో రైటర్ అడిగిన వయసు దగ్గరే చాలా కేసులు తేలతాయి కదా, ఆ వయసు ఎలా తెలుస్తుంది? బాల న్యాయ చట్టం 94వ సెక్షన్ ప్రకారం మొదట చూసేది స్కూలు పుట్టిన తేదీ ధ్రువపత్రం లేదా పదో తరగతి సర్టిఫికెట్. అవి లేకపోతే మున్సిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం. ఏదీ దొరకనప్పుడే డాక్టర్లు ఎముకల్ని చూసి వయసు చెప్పే పరీక్ష.

మన ఇళ్లలో టెన్త్ మెమో మీది తేదీ ఎలా వచ్చిందో అందరికీ తెలుసు. బడిలో వేసిన రోజున వయసు చాలక హెడ్మాస్టరుగారు ఓ ఏడాది పెంచి రాశారు, లేదా ఉద్యోగానికి పనికొస్తుందని తండ్రే రెండేళ్లు తగ్గించి చెప్పాడు. పన్నెండేళ్ల తర్వాత ఆ అమ్మాయి ఒక రాత్రి బస్సెక్కింది. అమ్మ లెక్క ప్రకారం ఆమెకు 19, మెమో ప్రకారం 17. తండ్రి మెమో జిరాక్స్ చేతిలో పట్టుకుని స్టేషన్ బెంచీ మీద కూర్చున్నాడు, లోపల రైటర్ 137 అని రాసుకుంటున్నాడు.